పని చేయించే శక్తి ఏది? కాకినాడ ప్రయోగం నుంచి ఇంటర్వ్యూ గది దాకా

ఏదైనా సాధించాలన్న తపన పుట్టుకతో వస్తుందా, లేక పెద్దయ్యాక కూడా దాన్ని పెంచవచ్చా? 1964లో ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం ఎంచుకున్న ఊళ్లలో కాకినాడ ఒకటి. అప్పటికి లక్షకు పైగా జనాభా, ఓడరేవు, చిన్న వర్తకులు, చిన్న కార్ఖానాలు ఉన్న పట్టణం అది. అక్కడి వ్యాపారులపై జరిగిన ఆ అధ్యయనం ‘కాకినాడ ప్రయోగం’ పేరుతో నేటికీ మన మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది.

పది మంది పనిచేసే దుకాణమైనా, పది వేల మంది ఉన్న కంపెనీ అయినా మేనేజర్‌కు ఎదురయ్యే ప్రశ్నలు మూడే. ఉన్నవాళ్లలో పనిపై ఆసక్తి ఎలా నిలపాలి? వాళ్లను ఎలా నడిపించాలి? కొత్తగా ఎవరిని తీసుకోవాలి? వీటికి అనుభవంతో చెప్పే జవాబులు బోలెడు. ప్రయోగం చేసి, కొలిచి చెప్పిన జవాబులు తక్కువ. అలాంటి వాటిలో కొన్ని మన దేశంలోనే, ముఖ్యంగా తెలుగు నేలపైనే దొరికాయి.

కాకినాడలో ఏం జరిగింది?

మెక్లెలాండ్ అప్పటికే ‘సాధన ప్రేరణ’ అనే భావనపై చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఒక పనిని నిన్నటికన్నా బాగా చేయాలని, తాను పెట్టుకున్న ప్రమాణాన్ని అందుకోవాలని మనిషిలో ఉండే కోరికకు ఆయన పెట్టిన పేరది. దాన్ని కొలవడానికి నేరుగా ప్రశ్నలు అడగలేదు. ‘మీకు పట్టుదల ఉందా?’ అని అడిగితే ఎవరైనా ఉందనే చెబుతారు. అందుకే కొన్ని బొమ్మలు చూపించి, ఒక్కోదానికి ఒక చిన్న కథ రాయమనేవారు. బల్ల ముందు కూర్చున్న మనిషి బొమ్మ చూసి ఒకరు ‘ఇల్లు గుర్తొచ్చి దిగులుగా ఉన్నాడు’ అని రాస్తారు. మరొకరు ‘యంత్రంలో లోపం ఎక్కడుందో ఆలోచిస్తున్నాడు’ అని రాస్తారు. కథల్లో ఏ ఆలోచన ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి ఆ మనిషి మనసు మొగ్గును అంచనా వేస్తారు.

కాకినాడ నుంచి కొందరు వ్యాపారులను బృందాలుగా హైదరాబాద్‌కు రప్పించారు. చిన్న పరిశ్రమలకు శిక్షణ ఇచ్చేందుకు 1960లో కేంద్ర ప్రభుత్వం న్యూఢిల్లీలో స్థాపించి, 1962లో హైదరాబాద్‌కు తరలించిన సంస్థ దీనికి వేదికైంది. ఇవాళ యూసుఫ్‌గూడలో ఉన్న జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ అదే. శిక్షణలో ఖాతాలు, పన్నులు, మార్కెటింగ్ పాఠాలకు పెద్దపీట వేయలేదు. తాము రాసిన కథలను తామే విశ్లేషించుకోవడం, కొంత సాహసం అవసరమయ్యే ఆటలు ఆడటం, తర్వాతి రెండేళ్లకు తమ లక్ష్యాలను కాగితంపై పెట్టడం, ఎంతవరకు వచ్చామో మధ్యమధ్యలో చూసుకోవడం అందులో ముఖ్యమైనవి.

ఫలితాన్ని తేల్చాలంటే పోలిక కావాలి. రెండేళ్లలో దేశ ఆర్థిక పరిస్థితే మెరుగుపడితే శిక్షణ లేకపోయినా వ్యాపారాలు పెరుగుతాయి కదా! అందుకే శిక్షణ తీసుకోని వ్యాపారులనూ గమనించారు. పొరుగునే ఉన్న రాజమండ్రిని పోలిక పట్టణంగా తీసుకున్నారు. తమిళనాడులోని వేలూరులోనూ ఇలాంటి అధ్యయనమే నడిపారు. రెండేళ్ల తర్వాత చూస్తే శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది వ్యాపారంలో గట్టిగా చురుకుదనం చూపారు. శిక్షణ లేనివారిలో అలాంటివారు దాదాపు నాలుగో వంతే. కొత్త వ్యాపారం మొదలుపెట్టడం, కొత్తగా పెట్టుబడి పెట్టడం, ఎక్కువ మందికి పని ఇవ్వడం వంటివి ఈ చురుకుదనంలో భాగం. మెక్లెలాండ్, ఆయన సహచరుడు డేవిడ్ వింటర్ 1969లో ఈ వివరాలను పుస్తకంగా తెచ్చారు.

ఆ ఫలితాల లోపల దాగిన మరో విషయం మేనేజర్లకు ఇంకా ముఖ్యం. శిక్షణ అందరిపై ఒకేలా పనిచేయలేదు. వ్యాపారంలో తుది నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవారిలోనే మార్పు బలంగా కనిపించింది. ఆ అధికారం లేనివారిలో పెద్దగా కనిపించలేదు. కుటుంబ వ్యాపారంలో తండ్రి మాటో, అన్న మాటో దాటలేని మనిషి ఎంత ఉత్సాహంతో ఊరికి తిరిగి వచ్చినా, చెక్కు మీద సంతకం చేసే హక్కు లేనప్పుడు ఆ ఉత్సాహం ఎటు పోతుంది? తపన రగిలించడం సగం పని మాత్రమే. దాన్ని వాడుకునే వీలు కల్పించడం మిగతా సగం.

ఈ ప్రయోగానికి పరిమితులూ ఉన్నాయి. పాల్గొన్నవారి సంఖ్య చిన్నది. విదేశీ శాస్త్రవేత్తలు తమను ప్రత్యేకంగా గమనిస్తున్నారన్న స్పృహ కూడా కొంత ఊపు ఇచ్చి ఉండవచ్చు. అయినా అధికారం ఉన్నవారికీ లేనివారికీ మధ్య తేడాను ఆ కారణంతో కొట్టిపారేయడం కష్టం. ఇద్దరూ అదే శిక్షణ పొందారు, ఇద్దరినీ అదే శాస్త్రవేత్తలు గమనించారు.

రింగుల ఆటలో ఒక లెక్క

తిరునాళ్లలో, హైదరాబాద్ నుమాయిష్‌లో రింగులు విసిరే ఆట చూసే ఉంటారు. మెక్లెలాండ్ ఈ ఆటనే ప్రయోగంగా మార్చారు. కర్రకు ఎంత దూరంలో నిలబడాలో ఆడేవాళ్ల ఇష్టానికే వదిలేశారు. కొందరు కర్ర పక్కనే నిలబడి రింగును తేలిగ్గా వేసేవారు. కొందరు అందనంత దూరం నుంచి అదృష్టాన్ని నమ్ముకుని విసిరేవారు. సాధన ప్రేరణ ఎక్కువగా ఉన్నవాళ్లు మాత్రం మధ్యస్థ దూరాన్ని ఎంచుకునేవారు. వేస్తే పడవచ్చు, పడకపోవచ్చు. పడితే అది తమ నేర్పు వల్లేనని తెలిసే దూరం అది.

ఆయన సహ పరిశోధకుడు జాన్ అట్కిన్సన్ 1957లో దీనికి ఒక చిన్న సూత్రం రాశారు. గెలిచే అవకాశాన్ని ‘అ’ అనుకుందాం. పని ఎంత తేలికైతే గెలుపులో తృప్తి అంత తక్కువ కాబట్టి, తృప్తి విలువ ‘1 – అ’. మనిషిని ముందుకు నెట్టే బలం ఈ రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుంది. గెలిచే అవకాశం 10 శాతమైతే 0.1 × 0.9, అంటే 0.09. అవకాశం 90 శాతమైనా అదే 0.09. అవకాశం 50 శాతమైతే 0.5 × 0.5, అంటే 0.25. దాదాపు మూడు రెట్లు!

ఓటమి భయం ఎక్కువగా ఉన్నవారిలో లెక్క తిరగబడుతుందని కూడా అట్కిన్సన్ చెప్పారు. వాళ్లు మధ్యస్థ సవాలును తప్పించుకుంటారు. మరీ తేలికైన పనిలో ఓడిపోరు. అసాధ్యమైన పనిలో ఓడినా ఎవరూ తప్పుపట్టరు. అందరికీ ఒకే టార్గెట్ గోడకు అంటించే ఆఫీసుల్లో ఎక్కడ తేడా వస్తుందో ఈ లెక్క చూపిస్తుంది. ఒకే సంఖ్య ఒకరికి కర్ర పక్కన నిలబడటంలా, మరొకరికి మైదానం అవతల నుంచి విసరడంలా ఉంటుంది. ఎవరి టార్గెట్ వాళ్ల నైపుణ్యానికి కొంచెం పైన ఉండాలి. ఓటమికి వేసే శిక్ష కూడా ప్రయత్నాన్నే చంపేసేంత పెద్దదిగా ఉండకూడదు.

డబ్బు పనిచేస్తుందా?

డబ్బు పనిచేస్తుంది. ఎంత, ఎక్కడ అన్న రెండు ప్రశ్నలపై ఫలితం ఆధారపడుతుంది. దీనిపై ప్రపంచంలో పెద్ద ప్రయోగాల్లో ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005లో మొదలుపెట్టిన ఈ అధ్యయనంలో గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను లాటరీ పద్ధతిలో విడదీశారు. కొన్నింటిలో పిల్లల మార్కులు ఎంత మెరుగుపడితే ఉపాధ్యాయులకు అంత బోనస్. కొన్నింటిలో ఏమీ లేదు. బోనస్ సగటున వార్షిక జీతంలో 3 శాతమే.

రెండేళ్ల తర్వాత బోనస్ ఉన్న పాఠశాలల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. దీన్ని మామూలు మాటల్లో చెప్పాలంటే, వంద మంది పిల్లలను గణితం మార్కుల వరుసలో నిలబెట్టినప్పుడు సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి సుమారు పది స్థానాలు ముందుకు జరిగినట్టు. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సాంఘిక శాస్త్రాల్లోనూ ఆ పిల్లల మార్కులు పెరిగాయి. ఆశ్చర్యం ఏమిటంటే ఉపాధ్యాయుల హాజరులో మార్పు రాలేదు. బడికి వచ్చిన రోజుల్లో చేసిన పని మారింది. అదనపు తరగతులు, హోంవర్క్, పరీక్షల సాధన పెరిగాయని ఉపాధ్యాయులు చెప్పారు. ఎలా బోధించాలో పైనుంచి ఎవరూ ఆదేశించలేదు. కొలిచింది ఫలితాన్ని మాత్రమే. దారి ఎంచుకోవడం ఉపాధ్యాయుడి చేతిలోనే ఉంది.

ఇదే పరిశోధనలో భాగంగా మరికొన్ని బడుల్లో బోనస్ లేకుండా, పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా చెప్పే నివేదికలను మాత్రం ఉపాధ్యాయులకు ఇచ్చారు. పరిశీలకులు వచ్చినప్పుడు ఆ ఉపాధ్యాయులు మెరుగ్గా కనిపించారు. పిల్లల మార్కులు మాత్రం పెరగలేదు. ఏటా ఒకసారి ‘పనితీరు నివేదిక’ చేతిలో పెట్టి ఊరుకునే కంపెనీలు ఈ ఫలితాన్ని ఓసారి చూడాలి. సమాచారం ఉంటే సరిపోదు, దాన్ని వాడుకోవడానికి కారణమూ కావాలి.

3 శాతం ఇంత చేస్తే 30 శాతం ఇంకెంత చేస్తుందో అనిపించడం సహజం. డ్యాన్ ఏరియలీ, ఆయన సహ పరిశోధకులు మదురై ప్రాంతంలో 87 మందితో ఒక ప్రయోగం చేసి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, చేతి నేర్పు అవసరమయ్యే ఆటలు ఆడించారు. బాగా ఆడితే ఒక్కో ఆటకు కొందరికి 4 రూపాయలు, కొందరికి 40, మరికొందరికి 400 ఇస్తామన్నారు. అక్కడి ఆదాయాలతో పోలిస్తే మొత్తం ఆటలకు చివరి బహుమతి నెలల ఖర్చుకు సరిపోయే సొమ్ము. 4 రూపాయల వాళ్లకూ 40 రూపాయల వాళ్లకూ పెద్ద తేడా లేదు. అందరికన్నా పేలవంగా ఆడింది 400 రూపాయల వాళ్లే. పోతుందేమోనన్న ఆందోళన పని మీద పెట్టాల్సిన దృష్టిని లాగేసిందని పరిశోధకుల వివరణ. బరువులు మోసే పనికి ఈ ఫలితం వర్తించకపోవచ్చు. ఆలోచించి చేసే పనికి మాత్రం జీతమంతా ఒక్క టార్గెట్‌కు ముడిపెట్టడం ప్రమాదమే.

నడిపించేవాడికి ఏం కావాలి?

మంచి మేనేజర్ అంటే అందరితో స్నేహంగా ఉండేవాడని చాలామంది నమ్మకం. మెక్లెలాండ్, డేవిడ్ బర్న్‌హామ్ 1976లో ప్రచురించిన అధ్యయనం దీన్ని ప్రశ్నించింది. మేనేజర్ల మనసు మొగ్గును కొలిచి, వారి కింద పనిచేసేవారు తమ టీమ్ గురించి ఏమనుకుంటున్నారో దానితో పోల్చారు. అందరికీ నచ్చాలన్న కోరిక బలంగా ఉన్న మేనేజర్ల టీముల్లో ఉత్సాహం తక్కువగా కనిపించింది. అలాంటి మేనేజర్ ఎవరు బతిమాలితే వారికి సడలింపు ఇస్తాడు. ఒకరికి ఇచ్చిన సెలవు మరొకరికి ఇవ్వడు. కాదనలేక చేసిన సాయమే మిగతావారికి పక్షపాతంగా కనిపిస్తుంది.

మంచి ఫలితాలు చూపినవారిలో రెండు లక్షణాలు కలిసి ఉన్నాయి. ఇతరులపై ప్రభావం చూపాలన్న కోరిక బలంగా ఉంది. ఆ కోరికపై అదుపు కూడా ఉంది. అంటే అధికారాన్ని తమ గొప్పకోసం కాక సంస్థ పనికోసం వాడారు. సాధన ప్రేరణ మాత్రమే ఉన్న మనిషి ఇక్కడ తడబడతాడు. అన్నీ తానే బాగా చేయాలనుకుంటాడు కాబట్టి పనిని పంచడం అతనికి కష్టం. ‘బాగా అమ్మే సేల్స్‌మన్‌ను సేల్స్ మేనేజర్ చేస్తే ఒక మంచి సేల్స్‌మన్‌ను పోగొట్టుకుని ఒక సాదాసీదా మేనేజర్‌ను తెచ్చుకున్నట్టయింది’ అని సంస్థలు వాపోవడానికి ఒక కారణం ఇదే.

తప్పులు జరిగినప్పుడు నాయకుడి అసలు పరీక్ష మొదలవుతుంది. ఏమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆసుపత్రుల్లో నర్సుల బృందాలను అధ్యయనం చేస్తూ, మంచి నాయకత్వం ఉన్న బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆశించారు. లెక్కల్లో ఎక్కువ కనిపించాయి! లోతుగా చూస్తే, మంచి బృందాల్లో పొరపాటును దాచకుండా చెబుతున్నారని, భయం ఉన్న బృందాల్లో అవి బయటికే రావడం లేదని తేలింది. 1996లో వచ్చిన ఈ ఫలితం ఏ కొలతకైనా ఒక హెచ్చరిక. ‘మా దగ్గర తప్పులే జరగవు’ అనే రిపోర్టు వస్తే, తప్పులు లేవా, చెప్పేవాళ్లు లేరా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇందుకు మన శ్రీహరికోటలోనే ఒక ఉదాహరణ ఉంది. 1979 ఆగస్టు 10న తొలి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. ఆ రోజు విలేకరుల ముందుకు ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ స్వయంగా వెళ్లి బాధ్యత తనదని చెప్పారని, 1980 జూలై 18న ప్రయోగం విజయవంతమైనప్పుడు మాత్రం విలేకరులతో మాట్లాడమని తననే పంపారని కలాం చాలా సభల్లో చెప్పేవారు. నిందను నాయకుడు తన మీద వేసుకుంటే, కింది ఇంజనీర్లకు ఎవరిది తప్పు అనే వాదన నుంచి ఎక్కడ లోపం అనే ప్రశ్నకు వెళ్లే వెసులుబాటు దొరుకుతుంది.

ఎవరిని తీసుకోవాలి?

ఢిల్లీ మెట్రో నీలి మార్గంలో ఒక శాఖ చివరి స్టేషన్ వైశాలి. గాజియాబాద్ జిల్లాలోని ఈ శివారు నుంచి రోజూ ఢిల్లీ, నోయిడా ఆఫీసులకు వెళ్లేవారిలో సొంత ఊళ్లు వదిలి వచ్చిన యువత చాలామంది. ఇలాంటి చోట ఉద్యోగానికి దరఖాస్తు పంపితే మొదట చూసేది పేరు, చదువు, అనుభవం. ఆ పేరు ఎంత తేడా తెస్తుందో అభిజిత్ బెనర్జీ, మరియాన్ బెర్‌ట్రాండ్, సౌగతో దత్తా, సెంథిల్ ములైనాథన్ ఢిల్లీ, దాని చుట్టుపక్కల కొలిచారు. 371 ఉద్యోగ ప్రకటనలకు 3,160 కల్పిత దరఖాస్తులు పంపారు. కులాన్ని సూచించే ఇంటిపేర్లను లాటరీ పద్ధతిలో తగిలించారు. 2009లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కులాన్నిబట్టి వివక్ష కనిపించలేదు. కాల్‌సెంటర్ ఉద్యోగాల్లో మాత్రం అగ్రకులాల పేర్లకు, ఇతర వెనుకబడిన తరగతుల పేర్లకు వచ్చిన పిలుపుల్లో గణనీయమైన తేడా ఉంది.

ఒకే నగరంలో రెండు రంగాల మధ్య ఈ తేడా ఎందుకు? సాఫ్ట్‌వేర్‌లో నైపుణ్యాన్ని కాగితంపైనే కొంత చూపించవచ్చు. ఏ భాషలో ప్రోగ్రాం రాశారో, ఏ ప్రాజెక్టు చేశారో రాస్తే చాలు. కాల్‌సెంటర్‌కు కావాల్సిన మాటతీరు, ఓర్పు కాగితంపై కనిపించవు. కొలవడానికి ఏమీ లేనిచోట ఊహలు వచ్చి కూర్చుంటాయని దీన్ని అర్థం చేసుకోవచ్చు.

ఇంటర్వ్యూ గదిలోనూ ఇదే జరుగుతుంది. ఇంటర్వ్యూలో వచ్చిన అంచనాకూ, చేరాక చూపే పనితీరుకూ ఎంత పొంతన ఉందో దశాబ్దాలుగా కొలుస్తున్నారు. పొంతన బొత్తిగా లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1. పాల్ సాకెట్ బృందం పాత అధ్యయనాలన్నింటినీ తిరిగి లెక్కించి 2022లో ఇచ్చిన అంకెల్లో, అందరికీ ముందే రాసుకున్న ఒకే ప్రశ్నలు వేసి మార్కులిచ్చే ఇంటర్వ్యూకు 0.42 వచ్చింది. తోచినట్టు కబుర్లాడే ఇంటర్వ్యూకు 0.19. చేయాల్సిన పనినే నమూనాగా చేయించి చూస్తే 0.33. ఎన్నేళ్ల అనుభవం ఉందన్న లెక్కకు 0.07 మాత్రమే.

ఈ అంకెల్ని వర్గం చేస్తే వాటి అసలు బలం తెలుస్తుంది. ఉద్యోగుల పనితీరులో కనిపించే తేడాల్లో పద్ధతిగా చేసిన ఇంటర్వ్యూ సుమారు 18 శాతాన్ని పసిగట్టగలదు. కబుర్ల ఇంటర్వ్యూ 4 శాతాన్ని కూడా పట్టలేదు. అనుభవపు ఏళ్లు అర శాతం. ‘కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలి’ అన్న ఒక్క వాక్యంతో ఎంతమంది సమర్థులు గేటు బయటే ఆగిపోతున్నారో ఊహించవచ్చు. అత్యుత్తమ పద్ధతి కూడా 80 శాతానికి పైగా తేడాను ముందే చెప్పలేకపోతోంది. చేరాక ఎవరి కింద పనిచేస్తారు, ఎలాంటి పని ఇస్తారు, ఎంత స్వేచ్ఛ ఉంటుంది అన్నవి కూడా మిగతా దానిలో ఉన్నాయి. అంటే మంచి మనిషిని ఎంచుకోవడంతో మేనేజర్ బాధ్యత తీరదు.

మార్పు నిలబడాలంటే

ఇవన్నీ అమలు చేస్తే లాభమెంత? నికొలస్ బ్లూమ్ బృందం ముంబై సమీపంలోని బట్టల మిల్లులను ఎంచుకుని కొన్నింటికి కన్సల్టెంట్లతో మేనేజ్‌మెంట్ పద్ధతులు నేర్పించింది. లోపాలను రోజూ రాసిపెట్టడం, యంత్రాల మరమ్మతుకు క్రమం, పనితీరును బట్టి ప్రోత్సాహకాలు వంటివి అందులో ఉన్నాయి. 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మొదటి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. కొన్నేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే, నేర్పిన పద్ధతుల్లో దాదాపు సగం వదిలేశారు. అయినా శిక్షణ లేని మిల్లులకన్నా ఇంకా ముందే ఉన్నారు. పద్ధతులు ఆగిపోవడానికి ఒక ప్రధాన కారణం, వాటిని నడిపిన మేనేజర్ ఉద్యోగం మానేయడం.

కాకినాడలో నిర్ణయాధికారం లేని వ్యాపారి దగ్గర శిక్షణ నిలవలేదు. ముంబై మిల్లుల్లో పద్ధతులన్నీ ఒక్క మనిషి చేతిలోనే ఉన్నచోట అవి అతనితోపాటే వెళ్లిపోయాయి. ఆంధ్రప్రదేశ్ బడుల్లో దారి ఎంచుకునే వీలు, చిన్న బోనస్ రెండూ ఉన్నచోట పిల్లల చదువు మారింది. వీటిని ఆచరణలోకి తేవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఇంటర్వ్యూకు ముందు అయిదారు ప్రశ్నలు రాసుకుని అందరినీ అవే అడగవచ్చు. ఒక గంట నమూనా పని చేయించి చూడవచ్చు. ఉద్యోగితో కూర్చుని అతని నైపుణ్యానికి కొంచెం పైన ఉండే టార్గెట్ పెట్టుకోవచ్చు. పొరపాటు చెప్పినవారిపై కేకలు వేయకుండా ఉండవచ్చు. అన్నింటికన్నా ముందు, ఏయే నిర్ణయాలు తనను అడగకుండానే తీసుకోవచ్చో ప్రతి ఉద్యోగికీ స్పష్టంగా చెప్పవచ్చు. మోటివేషన్ క్లాసుకు డబ్బు ఖర్చుపెట్టాలా అన్నది ఆ జాబితా రాశాక ఆలోచించుకోవచ్చు.